మా సైన్సు సారు జ్ఞాపకార్థం విగ్రహమా, ప్రయోగశాలా? అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు

హన్మకొండ పాత విద్యార్థి

అందరికీ నమస్కారం. హన్మకొండలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మాకు ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించిన సారు ఇటీవల కాలం చేశారు. దశదిన కర్మకు వచ్చిన పాత విద్యార్థులం అక్కడే కూర్చుని, సారు పేరు మీద బడిలో ఏదైనా చేయాలని అనుకున్నాం. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపు మొదలైంది, కొద్ది రోజుల్లోనే చెప్పుకోదగ్గ మొత్తం జమ అయింది. చిక్కంతా ఆ తరువాతే వచ్చింది. సగం మంది బడి ఆవరణలో సారు విగ్రహం పెట్టాలంటున్నారు, మిగతా సగం మంది ప్రయోగశాల ఏర్పాటు చేయాలంటున్నారు. మాటామాటా పెరగడంతో పైసలు జమ చేస్తున్న నాకు ఎటూ పాలుపోవడం లేదు.

సారు ఎట్లాంటివారో కొంత చెబితే తప్ప మీరు సలహా ఇవ్వలేరు. మా బడిలో అప్పట్లో ఒక సూక్ష్మదర్శిని ఉండేది, కానీ అది బీరువాలో తాళం వేసి ఉండేది కనుక మేము దాని పెట్టెను చూశామే తప్ప దానిలోంచి దేన్నీ చూడలేదు. సారు ఆ తాళం చెవి కోసం ఎవరితోనూ తగవు పడలేదు. ఇళ్ళలో మాడిపోయిన బల్బులుంటే తెమ్మన్నారు. బల్బు మూతి దగ్గర ఉండే నల్లటి గాజు పలుకును స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా చిదిపి, లోపలి గాజు కాడను, తీగను బయటికి లాగి, ఖాళీ అయిన బుడ్డిలో నీళ్ళు నింపి, దారం కట్టి కిటికీ చువ్వకు వేలాడదీసేవారు. (గాజు పని ఎప్పుడూ సారే చేసేవారు, మా చేతికి ఇచ్చేవారు కాదు.) దాని వెనుక భద్రకాళి చెరువు నీళ్ళు పోసిన గ్లాసు పెట్టి చూస్తే, మామూలు కంటికి నలకల్లా గంతులేసేవి కాళ్ళూ మీసాలూ ఉన్న జీవులై కనిపించేవి. వాటి పేరేమిటని అడిగితే చెప్పేవారు కాదు. "పేరు రేపు చెప్త, ముందుగాల బొమ్మ గియ్యుండ్రి" అనేవారు. ఉన్నది ఉన్నట్టు బొమ్మ గీయాలంటే ఎంతసేపు చూడాలో, ఎన్నిసార్లు చెరిపి దిద్దుకోవాలో మాకు అప్పుడే తెలిసింది. మరునాడు ఆయన నల్లబల్ల మీద పేరు రాసే వేళకు, ఆ జీవితో మాకు పరిచయం ఎప్పుడో అయిపోయి ఉండేది.

కనుక నా ప్రశ్న ఇది. మీలో ఎవరైనా తమ ఉపాధ్యాయుల పేరు మీద బడిలో ఏదైనా పెట్టి ఉంటే, అది కొన్నేళ్ళ తరువాత ఎట్లా ఉందో చెప్పండి. పెట్టనివారు కూడా, మీకు సైన్సు చెప్పినవారిలో మీకు నేటికీ గుర్తున్నదేమిటో రాయండి. మా వాళ్ళకు చూపించడానికి పనికొస్తుంది.

జగిత్యాల విశ్రాంత ఉద్యోగి

తమ్ముడూ, మీ సారుకు నా నివాళి. విగ్రహం సంగతి తరువాత, ముందు మా సారు సంగతి వినండి.

1979లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అమెరికావారు 1973లో కక్ష్యలోకి పంపిన స్కైలాబ్ అనే అంతరిక్ష ప్రయోగశాల కిందికి దిగజారుతోందన్న వార్త, మా కరీంనగర్ జిల్లా పల్లెలకు చేరేసరికి ప్రళయమై కూర్చుంది. ఆ రోజులు చూడనివారికి నమ్మబుద్ధి కాదు. ఎట్లాగూ పోతాం కదా అని మేకలను, కోళ్ళను కోసుకు తిన్నవారు కొందరు, గొడ్లను వచ్చిన ధరకే అమ్ముకున్నవారు కొందరు, తెచ్చిన అప్పు ఇక తీర్చే పని లేదని నిశ్చింతగా కల్లు తాగుతూ కూర్చున్నవారు మరికొందరు. ఆ గొడ్లను చవకగా కొని బాగుపడినవారు కూడా లేకపోలేదు, అది వేరే కథ.

ఒకనాటి సాయంత్రం మా సారు బడి నల్లబల్లను ఇద్దరు పిల్లల చేత మోయించుకుని కచ్చీరు దగ్గరికి వచ్చారు. భూమి ఉపరితలం దాదాపు 51 కోట్ల చదరపు కిలోమీటర్లని, మా ఊరి శివారు మొత్తం కలిపి పది చదరపు కిలోమీటర్లనుకుందామని రాశారు. ఆ లెక్కన ఒక ముక్క వచ్చి సరిగ్గా మా శివారులోనే పడడానికి ఉన్న అవకాశం ఐదు కోట్లలో ఒక వంతు. అది విరిగి వెయ్యి ముక్కలై పడినా యాభై వేలలో ఒక వంతు. "యాభై వేలల్ల ఒక వంతుకు భయపడి మేకను కోసుకున్నోడు, రేపటి సంది బస్సు ఎక్కుడు బంద్ చెయ్యాలె" అనేసరికి జనం నవ్వారు. అయినా ఒక పెద్దాయన వదలకుండా, "అయితే మన ఊర్ల పడదని కాగితం రాసిస్తవా పంతులూ?" అని నిలదీశాడు. సారు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. "రాసియ్య. ఏడ పడుతదో పంపినోళ్ళకే సక్కగ తెల్వది. పడే అవకాశం గింతే అని మాత్రం రాసిస్త."

జూలై 11న, మన గడియారం ప్రకారం రాత్రి పది దాటాక, అది హిందూ మహాసముద్రం మీదుగా విరిగిపడింది. కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో దొరికాయి, ఎవరికీ దెబ్బ తగలలేదు. మరునాడు బడిలో మేము ఊరివాళ్ళ భయాన్ని తలుచుకుని ఎగతాళి చేస్తుంటే సారుకు నిజంగానే కోపం వచ్చింది. వాళ్ళకు లెక్క చెప్పినవారు లేకపోవడం వాళ్ళ తప్పు కాదని, మీరు ఇంటికి పోయి చెప్పకపోతే మాత్రం అది మీ తప్పని అన్నారు.

ఇక నా సలహా. మీరు ఏది పెట్టినా అది పిల్లల దగ్గరే ఆగిపోకుండా చూడండి. సి.వి.రామన్ 1928 ఫిబ్రవరి 28న తన ఆవిష్కరణను ప్రకటించిన గుర్తుగా 1987 నుంచి ఆ రోజున జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ సాయంత్రం తల్లిదండ్రులను బడికి పిలిచి, పిల్లల చేత ప్రయోగాలు చేయించి చూపించండి. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే నెత్తురులా ఎర్రబడడం, పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు వేస్తే అగ్గిపుల్ల లేకుండానే మంట లేవడం (దీన్ని మాత్రం టీచరే, పిల్లలను దూరంగా నిలబెట్టి చేయాలి) వంటివి చూసినవారిని బాణామతి, చేతబడి పేర్లు చెప్పి మోసగించడం అంత తేలిక కాదు.

కాజీపేట జంక్షన్

విగ్రహం అనగానే అందరికీ అంత చులకన ఎందుకో నాకు అర్థం కాదు. మన పట్టణాల్లో ఏ చౌరస్తాకు పోయినా ఎవరో ఒక నాయకుడు చెయ్యెత్తి నిలబడే ఉంటాడు, దానికి లేని అభ్యంతరం ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పిన మనిషికే వస్తుందా? ప్రయోగశాలలో సామాను రెండేళ్ళకు అరిగిపోతుంది, పేరు రాసిన బోర్డు మీద సున్నం పడుతుంది. సారు కుటుంబం ఎప్పుడైనా ఆ బడి ముందు నుంచి పోతే తల తిప్పి చూసుకోవడానికి ఒకటి ఉండాలి కదా. నా ఓటు విగ్రహానికే.

పరకాల ఆడబిడ్డ

కాజీపేట అన్న చెప్పినదాంట్లో కుటుంబం మాట నిజమే, దాన్ని తీసిపారేయకండి. అయితే అసలు ప్రశ్నలో రెండో భాగానికి నేను జవాబు రాస్తాను.

మాకు జీవశాస్త్రం చెప్పిన మేడం పువ్వు భాగాల పాఠాన్ని పుస్తకంలో ఉన్న వరుసలో చెప్పేవారు కాదు. దాన్ని పెత్రమాస దాకా ఆపి ఉంచేవారు. బతుకమ్మకు పూలు తెంపుకొచ్చే రోజులు కనుక, ముందు రోజు తలా ఒక గుప్పెడు పూలు బడికి తెమ్మనేవారు. మందారం తెచ్చి పాఠం చెప్పడం అందరూ చేసేదే. మేడం తంగేడు పువ్వును మా అరచేతిలో పెట్టి కేసరాలు లెక్కపెట్టమనేవారు. పది ఉంటాయి, వాటిలో పైవైపున ఉండే మూడు గొడ్డువి. గునుగు కంకిని మేమంతా ఒక పువ్వనే అనుకునేవాళ్ళం, గుండుసూదితో విడదీయిస్తే అది వరుసలు వరుసలుగా పేర్చిన బుల్లి పూల గుత్తి అని తేలింది. బంతి, చామంతి కూడా అంతే, మనం రెక్క అని తుంపేది ఒక్కొక్కటీ ఒక పువ్వు. బ్లేడుతో నిలువుగా చీల్చి చూపించినప్పుడు, ఇన్నేళ్ళూ తలలో పెట్టుకున్నది ఒక పువ్వు కాదు, ఒక ఊరంత పూలు అని మా వెనుక బెంచీ పిల్ల అనడం, మేడం దాన్నే నల్లబల్ల మీద రాయడం నాకు గుర్తు.

గుమ్మడి పువ్వు దగ్గర పాఠం ఇంకా బాగా సాగింది. బతుకమ్మ మీద పెట్టడానికి అమ్మ ఏ పువ్వు కోస్తుందో ఇంటికి పోయి చూసి రమ్మన్నారు. చూస్తే, పిందె ఉన్న పువ్వును మా అమ్మ ముట్టుకోలేదు, సన్నటి కాడ మీద నిలబడిన పువ్వునే తెంపింది. ఎందుకంటే, పిందె పువ్వు తెంపితే కాయ ఎక్కడిదే అన్నది. ఒకే తీగ మీద ఆడ పూలు, మగ పూలు వేరువేరుగా పూయడమన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందేనని, బడికి పోయే నాకే తెలియదని అర్థమైంది. మగ పూలన్నీ తెంపేస్తే పిందెలు నిలుస్తాయా అని మేడం మరునాడు అడిగిన ప్రశ్నకు మాత్రం మా అమ్మ కూడా కొంచెం ఆలోచించింది.

నేను ఇంటర్ తరువాత చదవలేదు, ఇప్పుడు బట్టల దుకాణం నడుపుకుంటున్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇట్లాంటి స్మారకాలు పెట్టినప్పుడు డాక్టర్లు, ఇంజనీర్లు అయిన శిష్యుల పేర్లు చలువరాయి మీద చెక్కించే అలవాటు ఒకటి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ పాఠాలు విని ఏమీ కానివాళ్ళం కూడా ఉన్నాం, మాకూ అవి అంతే గుర్తున్నాయి.

తరువాతి బ్యాచ్ తమ్ముడు, ప్రస్తుతం పుణె

అన్నా, మీరు చెప్పిన సారు దగ్గరే నేనూ చదివాను. బల్బుల సంగతి మీరు రాశారు కనుక నీడల సంగతి నేను రాస్తాను, ఇది మీ బ్యాచ్‌కు జరిగినట్టు లేదు.

సెప్టెంబర్ నెలాఖరులో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున సారు బడి మైదానంలో మీటరు పొడవున్న ఇనుప చువ్వను నిటారుగా పాతించారు. మధ్యాహ్నం పన్నెండింటికి నీడ కొలుద్దామని మేము స్కేలు పట్టుకుని నిలబడితే, గడియారాన్ని నమ్మవద్దని, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నదెప్పుడో చూసి అప్పుడు కొలవమని చెప్పారు. మన దేశ సమయాన్ని కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క కడతారు, మనం దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమర ఉన్నాం, కాబట్టి సూర్యుడు మన నెత్తిమీది గీత దాటేది ఆ గీతకన్నా పన్నెండు నిమిషాలు ఆలస్యంగా. భూమి కక్ష్య వల్ల ఏడాది పొడుగునా వచ్చే హెచ్చుతగ్గు ఇంకొకటి దీనికి తోడు. ప్రతి మూడు నిమిషాలకూ నీడ కొసన చాక్‌పీసుతో గీత పెట్టుకుంటూ పోతే, అన్నిటికన్నా పొట్టి నీడ ముప్పై రెండున్నర సెంటీమీటర్లు వచ్చింది.

అసలు విషయం ఏమిటంటే, అదే రోజు ఆదిలాబాద్‌లో ఒక బడిలో కూడా ఇదే కొలత జరిగింది. అక్కడ పనిచేసే తన మిత్రుడికి సారు ముందే ఉత్తరం రాసి ఏర్పాటు చేశారు. వారం తిరిగేసరికి పోస్టుకార్డు వచ్చింది. అక్కడి నీడ మనకన్నా మూడు సెంటీమీటర్లకు పైగా పొడుగు. రెండు త్రిభుజాలను గ్రాఫు కాగితం మీద గీసి, కోణమానినితో కొలిస్తే తేడా ఒకటిన్నర డిగ్రీ వచ్చింది. ఆ తేడా రెండు ఊళ్ళ మధ్య భూమి వంపు, దాన్నిబట్టి భూమి చుట్టుకొలత లెక్క కట్టాలంటే ఇక దూరం కావాలి. మేము ఆర్టీసీ బస్సు దూరం చెప్పబోతే సారు ఆపారు. రోడ్డు వంకర్లు పోతుందని, పైగా ఆదిలాబాద్ మనకు నేరుగా ఉత్తరాన లేదని, మనకు కావలసింది ఉత్తర దక్షిణాల మధ్య దూరం మాత్రమేనని చెప్పి అట్లాసులో స్కేలు పెట్టి కొలిపించారు. 185 కిలోమీటర్లు వచ్చింది. ఒకటిన్నర డిగ్రీకి 185 అయితే 360 డిగ్రీలకు ఎంత? లెక్క కడితే భూమి చుట్టుకొలత 44,400 కిలోమీటర్లు తేలింది. పుస్తకంలో ఉన్నది 40 వేలు.

ఇంకొకరైతే అక్కడ పుస్తకంలోని సంఖ్య రాసుకోమని చెప్పి గంట కొట్టే లోపు పాఠం ముగించేవారు. సారు మాత్రం ఆ అదనపు నాలుగు వేల కిలోమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో వెతకమన్నారు. చువ్వ కొంచెం వాలిందేమోనని ఒకడు, నీడ అంచు మసకగా ఉంటుంది కదా అని ఒకడు అన్నాడు. చివరికి దొరికింది కోణమానిని దగ్గర. అసలు తేడా సుమారు 1.67 డిగ్రీలు, మా కోణమానినిలో అర డిగ్రీకన్నా సన్నంగా చదవడం కుదరదు. ఆ కొంచెమే అక్కడ వేల కిలోమీటర్లయింది. పరికరం ఎంతవరకు చెప్పగలదో అంతవరకే దాని మాట వినాలన్నది నేను కొలత యంత్రాల కర్మాగారంలో ఉద్యోగానికి చేరాక శిక్షణలో మళ్ళీ విన్నాను, కానీ అప్పటికే తెలుసు.

అందుకని నా సూచన. మైదానంలో చెట్ల నీడ పడని చోట సిమెంటు గద్దె కట్టి, నడుమ మీటరు చువ్వ నిలబెట్టండి. ఖర్చు పెద్దగా ఉండదు, పగిలేది ఏమీ లేదు. డిసెంబర్ 22 ప్రాంతంలో మధ్యాహ్నపు నీడ 88 సెంటీమీటర్ల దాకా పోతుంది, మే రెండవ వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి రోజుల్లో అసలు లేకుండా పోతుంది, ఆ రెండింటి మధ్య జూన్‌లో నీడ దక్షిణం వైపుకు తిరుగుతుంది. సూర్యుడు ఎప్పుడూ మనకు దక్షిణం పక్కనే ఉంటాడనుకునే పిల్లలకు ఈ చివరిది నమ్మశక్యంగా ఉండదు. అయితే గీతలు, తేదీలు మేస్త్రీ చేత ముందే చెక్కించకండి. అవి పిల్లలు కొలిచి పెట్టుకోవలసినవి.

హుజూరాబాద్ వైపు సైన్సు టీచర్

నేను ప్రస్తుతం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను, అందుకే తాళం అవతలి వైపు నుంచి కొంత చెప్పవలసి ఉంది.

ఇదివరకు నేను పనిచేసిన ఒక బడికి పాత విద్యార్థులు ఎంతో అభిమానంతో ప్రయోగశాల సామాను ఇచ్చారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మరునాడు ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులోకి ఎక్కింది. రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు పగిలితే దానికి బాధ్యుడెవరన్న ప్రశ్న వస్తుంది, బదిలీ అయి వెళ్ళేటప్పుడు ప్రతి పరీక్షనాళికనూ లెక్క చూపి అప్పగించాలి. ల్యాబు సహాయకుడు లేని బడిలో, నలభై ఐదు నిమిషాల పీరియడులో, యాభై మంది పిల్లల చేతికి గాజు సామాను ఇవ్వడానికి ఏ టీచరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ బీరువాకు తాళం వేసినవారెవరూ చెడ్డవారు కారు. మీ చిన్నప్పటి సూక్ష్మదర్శిని పెట్టెలోనే ఉండిపోవడానికి కూడా చాలావరకు ఇదే కారణమై ఉంటుంది.

కాబట్టి డబ్బంతా ఒకేసారి గదికి, బల్లలకు, అద్దాల బీరువాలకు పెట్టకండి. దాన్ని బ్యాంకులో వేసి, ఏటా జూన్‌లో బడి తెరవగానే వచ్చే వడ్డీతో అరిగిపోయే సామాను కొనివ్వండి. టార్చి బల్బులు, సెల్లులు, రాగి తీగ, అయస్కాంతాలు, లిట్మస్ కాగితం, కొవ్వొత్తులు, చవకరకం కుంభాకార కటకాలు, డజన్ల కొద్దీ పరీక్షనాళికలు వంటివి. వీటితో పాటు దాతల తరఫున ఒక లేఖ రాసివ్వండి. ఈ సామాను పిల్లలు వాడి పగలగొట్టడానికే ఇస్తున్నామని, పగిలినందుకు టీచర్లను అడగవద్దని, ఏడాది చివర మిగిలితేనే మాకు సంజాయిషీ చెప్పాలని అందులో ఉండాలి. నవ్వులాటకు అంటున్న మాట కాదు, పాఠశాల కమిటీ తీర్మానంలో ఆ వాక్యం చేరితే నాలాంటి టీచరుకు కొండంత అండ. గాఢ ఆమ్లాలు మాత్రం కొనవద్దు. నీటి కుళాయి, గాలి ఆడే ఏర్పాటు లేని గదిలో అవి ప్రమాదమే తప్ప ప్రయోజనం లేదు.

పుణె తమ్ముడు చెప్పిన చువ్వ చాలా మంచి ఆలోచన, కానీ ఆగస్టు మొదట్లో మబ్బులు ఉంటాయి. నీడ లేని రోజు తప్పిపోతే పిల్లలు నిరాశపడకుండా, దానికి ముందూ వెనుకా కొన్ని రోజులు వరుసగా కొలవమనండి. చువ్వ మొన కోసుగా ఉంచవద్దు, పైన చిన్న గుండు బిగిస్తే ఆడుకునే పిల్లలకు గుచ్చుకోదు.

హన్మకొండ పాత విద్యార్థి

అందరికీ చేతులెత్తి నమస్కారాలు. ఈ జవాబులన్నీ గ్రూపులో పెట్టాను. విగ్రహం అడిగిన మిత్రులు పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, సైన్సు గదిలో సారు పెద్ద ఫొటో పెట్టి, దాని ఆవిష్కరణకు అమ్మగారిని పిలవడానికి రాజీపడ్డారు. కాజీపేట అన్నకు కూడా ఇది కొంత తృప్తినిస్తుందని అనుకుంటున్నాను. శిష్యుల పేర్ల ఫలకం ఉండదు, పరకాల అక్క మాటకు గ్రూపులో ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

నీడ గద్దెకు, ఏటేటా సామానుకు ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడాం. పగిలినా అడగవద్దన్న లేఖ చదివి ఆమె మొదట నవ్వి, తరువాత దాన్ని కమిటీ ముందు పెడతానన్నారు. మైదానంలో దక్షిణం వైపు పెద్ద వేపచెట్టు ఉంది, చలికాలంలో సూర్యుడు కిందుగా వచ్చినప్పుడు దాని నీడ ఎంతదూరం పడుతుందో చూశాకే గద్దె చోటు ఖాయం చేయాలి, కనుక ఆ పని డిసెంబర్ దాకా ఆగుతుంది. హుజూరాబాద్ టీచరు గారూ, ఆ లేఖ నమూనా, తీర్మానంలో ఉండవలసిన వాక్యం మీరే రాసి ఇక్కడ పెట్టగలిగితే వచ్చే సమావేశానికి తీసుకుపోతాను.